పడవ అరలలో నిలుచు వాననీరు



మన వికారాబాదు, తాండూరు ప్రాంతములు సముద్రమునకు బహు దూరమైనవి. ఇచ్చట ఓడలు లేవు, రేవులు లేవు. ఇట్టి చోట పడవను గూర్చి పాఠమేలయని మీలో కొందఱడుగవచ్చును. కాని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయు, తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నాయు మనవే. కోట్‌పల్లి జలాశయమును, దానిపై తెడ్లతో నడపబడిన కయాకులనెడు సన్నని పడవలను మీలో ననేకులు చూచియున్నారు. చెఱువులలో చేపలు పట్టువారి ఫైబరు పడవలను గూడ చూచియున్నారు. సెలవులలో అట్టి పడవ నెక్కవలెనని కోరని బాలుడు లేడు. కావున పడవ నెక్కుటకు ముందు తెలిసికొనవలసిన యొక చిన్న సంగతిని ఈ వ్యాసమున బోధింపదలచితిని. సంగతి చిన్నదే గాని, దానిని నేను తప్పుచేసి నేర్చుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట, మూడు దినములు ముసురు పట్టి వెలిసిన పిమ్మట, తాండూరు వైపున నొక చెఱువు గట్టునకు ముగ్గురు బాలురను వెంటబెట్టుకొని పోతిని. తెలిసినవారి పడవ యొకటి అచ్చట కట్టియుండెను. మేము కూర్చుండు తావున నీరు లేకుండెను. ఉన్న కొంచెమును మేము చిప్పతో తోడివేసితిమి. పడవ ముక్కు కొంచెము క్రిందికి దిగియుండుట చూచితిని గాని, బురదలో నానియున్నదని తలచితిని. ముందుభాగమున మూతగల అర యొకటి యుండెను. మూత వేసియున్నది గదా యని దానిని తెఱచి చూడనైతిని.

గట్టు విడిచి పది బారలైనను పోకమునుపే, జాఱిన గడ నందుకొనుటకై నేను లేచి ప్రక్కకు వంగితిని. పడవ యొఱగెను. పడవ లొఱగుట సహజమే. వెంటనే మరల నిలుచును. ఇది నిలువలేదు. లోపల నేదో బరువు దొరలినట్లు చప్పుడై, అంచు నీట మునిగెను. మేము నలువురమును నడుములోతు నీటిలో నుంటిమి. ఒడ్డు దగ్గఱగుటచేత ఎవరికిని హాని కలుగలేదు. నా మధ్యాహ్న భోజనపు డబ్బాయు ఒకని చెప్పులును మాత్రము పోయెను. గట్టుపై వలలు బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు వచ్చి మమ్ము లాగి, మొట్టమొదట అడిగిన మాట యిది: “సారూ, మూత తీసి చూసినవా?”

పడవను గట్టున కీడ్చి అప్పుడు మూత తీసితిమి. అరలో బెత్తెడు లోతు వాననీరుండెను. ఆ నీటిలో మేము తొడుగుకొనవలసిన లైఫ్ జాకెట్లు నానుచుండెను. వానిని వెదకియుండినచో మూత తెఱచియుందుము. తెఱచినచో నీరు కనబడియుండును. ఒక్క అలక్ష్యము రెండు అపాయములను దాచెను. నడి చెఱువున ఇది జరిగియుండినచో ఆ ముగ్గురి తల్లిదండ్రులకు నేనేమి చెప్పుకొందును? ఈ ప్రశ్న నన్ను చాలదినములు నిద్రపోనీయలేదు. ఈ పాఠమునకు కారణమదియే.

1. అరయన నేమి?

పడవ లోపలి భాగమును పలకలతో అడ్డగించి, పైన కప్పు వేసి, మూత పెట్టిన గదియే అర. దీనివలన రెండు ప్రయోజనములు గలవు. సామానులు తడియకుండుట యొకటి. పడవకు చిల్లి పడినను ఆ నీరొక గదిలోనే నిలిచిపోయి, తక్కిన గదులలోని గాలి పడవను తేల్చుచుండుట రెండవది. ఆదికాండమున నోవహు ఓడకు అరలుండెననియు, లోపలను వెలుపలను కీలు పూయబడెననియు మీరు చదివియున్నారు. చీనా దేశమున క్వాన్‌జౌ రేవు చెంత 1974లో త్రవ్వి తీసిన ప్రాచీన నౌక పదమూడవ శతాబ్దమునాటిది. దానిలో 12 అడ్డుగోడలును, వానివలన నేర్పడిన 13 అరలును గలవు. అర యనునది మేలైన కల్పన. కాని మేలు చేయు అరయే, లోన నీరు దాచుకొన్నయెడల, కీడు చేయును.

2. మూత వేసినను నీరెట్లు చేరును?

మొదటి మార్గము అందఱెఱిగినదే. మూత చుట్టునున్న రబ్బరు పట్టీ ఎండకు బీటలు వాఱును. లేదా దానిలో ఇసుక రేణువు చిక్కి మూత సరిగా కూర్చొనదు. కప్పుపై పడిన వానయంతయు పల్లమైన మూత యొద్దకు చేరి, ఆ సందున దిగును. మా పడవలో జరిగినదిదియే.

ఎంత నీరు చేరునో లెక్క వేయుదము. ఒక చదరపు మీటరు తావున ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. దాని బరువు ఒక కిలోగ్రాము. ఆ అర పొడవు మీటరున్నర, వెడల్పు మీటరు. దానిలో నిలిచిన నీటి లోతు 8 సెంటీమీటర్లు. వీనిని గుణించిన 120 లీటర్లు, అనగా 120 కిలోగ్రాములు. మాతో కూడ కనబడని పెద్దమనుష్యు లిద్దఱు ఆ పడవలో కూర్చొనియుండిరి! మే మొఱగినవైపునకే వారును పరుగెత్తిరి.

రెండవ మార్గము చాలమంది ఎఱుగరు. ఇది ఉన్నత తరగతులవారు చదువు వాయువుల ధర్మమునకు చక్కని యుదాహరణము. ఎండలో నున్న పడవ అరలోని గాలి వేడెక్కి వ్యాకోచించును. 100 లీటర్ల గాలి 27 డిగ్రీల సెంటీగ్రేడునుండి 57 డిగ్రీలకు వేడెక్కినచో, నిరపేక్ష మానమున 300 నుండి 330కి పెరిగినట్లగును. గాలి 110 లీటర్లగును. అధికమైన 10 లీటర్లు మూత సందున వెలికి పోవును. అంతలో వాన వచ్చి పడవ చల్లబడును. లోన మిగిలిన గాలి సంకోచింపగా సుమారు 9 లీటర్ల వెలితి యేర్పడును. ఆ వెలితిని పూరించుటకై అర ఊపిరి పీల్చును. మూత చుట్టు నీరు నిలిచియున్నయెడల గాలికి బదులు ఆ నీటినే పీల్చును. కావుననే కొన్ని కయాకుల అడ్డుపలకలలో సూదిబెజ్జమంత రంధ్రము విడుతురు. గాలి ఆ దారిని వచ్చిపోవును. మూతపై ఒత్తిడి యుండదు. ఎఱుగనివారు దానిని లోపమని తలచి మైనముతో మూసివేయుట గలదు. అట్లు చేయరాదు.

మూడవది, తడిసిన త్రాళ్లను, బట్టలను అరలో నుంచి మూయుట. ఆ తడి ఆవిరియై, రాత్రి చల్లదనమునకు కప్పు లోపలివైపున బిందువులుగా నేర్పడి అడుగునకు జాఱును. వాన లేకయే అర తడియును.

3. నిండుకుండ తొణకదు

నీటివలన బరువు పెరుగుననుట స్పష్టమే. కాని అంతే బరువుగల బియ్యపు బస్తాను అరలో కదలకుండ నుంచినచో పడవ అట్లు బోల్తాపడదు. నీటికిని బస్తాకును భేదమేమి?

మన తల్లులు బావినుండి నీరు తెచ్చుట చూడుడు. నిండుకుండను మోయుట సులభము. సగము కుండ ప్రతి యడుగునకు తొణకును. నిండుకుండ తొణకదను సామెతను మనము మనుష్యుల గుణమును గూర్చి వాడుదుము గాని, అది మొదట నీటిని గూర్చిన సత్యము. అర పూర్తిగా నిండియున్నచో అందలి నీరు దొరలుటకు తావు లేదు. పూర్తిగా ఖాళీయైనచో దొరలునది లేదు. కొంచెము నీరుండి పైన ఖాళీ యున్నప్పుడే అపాయము. పడవ ఎడమకు ఒఱగినచో నీరెడమకు పాఱును. అందుచేత భారకేంద్రము ఎడమకు జరుగును. పడవ మఱింత ఒఱగును. పడవను నిలువబెట్టవలసిన బలము అంతమేరకు క్షీణించును.

ఈ కీడు నీటి లోతును బట్టి యుండదు. నీటి ఉపరితలపు వెడల్పును బట్టి యుండును. వెడల్పు రెట్టింపైనచో కీడు ఎనిమిది రెట్లగును. ఎట్లనగా అది వెడల్పు ఘనముననుసరించి పెరుగును. కావున అరను పొడవునా నడుమ పలకతో రెండు సమభాగములు చేసినచో, ఒక్కొక్క భాగమున కీడు ఎనిమిదవ వంతగును. రెండు భాగములు కలిసి నాలుగవ వంతు. నీరంతయు నున్నను, ఒక్క పలక కీడును ముప్పాతిక తగ్గించినది!

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. వెడల్పైన పళ్లెరమున అంగుళము లోతు నీరు పోసి రెండు చేతులతో పట్టుకొని గది యంతయు నడువుడు. పిమ్మట అదే నీటిని నాలుగు గ్లాసులలో పోసి, ఆ గ్లాసులను అదే పళ్లెరమున నుంచి నడువుడు. బరువు తగ్గలేదు, నడక ఎంత సులభమైనదో మీ చేతులే చెప్పును.

పెద్ద ఓడలకును ఈ న్యాయమే. 1987 మార్చి 6వ తేదీన బెల్జియము దేశపు జీబ్రూగ రేవునుండి బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అను నావ, ముందు తలుపులు మూయబడనందున, బండ్లను నిలుపు విశాలమైన అంతస్తులోనికి సముద్రజలము రాగా, కొలది నిమిషములలో ఒఱగి పడిపోయెను. 193 మంది మరణించిరి. ఆ అంతస్తున నీటిని ఆపుటకు అడ్డుగోడలు లేవు. అది సముద్రజలము, మాది వాననీరు. అది మహానౌక, మాది చేపల పడవ. పడద్రోసిన కారణము మాత్రమొక్కటియే.

4. తక్కిన కీడులు

కొయ్య పడవలకు వాననీరు ఉప్పునీటికంటె హాని చేయును. కొయ్యను కుళ్లజేయు శిలీంధ్రములు మంచినీటి తడిలో, గాలి యాడని చీకటి తావులలో వృద్ధియగును. కొయ్యలో తడి నూటికి 20 పాళ్లకు లోబడియున్నచో అవి పెరుగజాలవు. సముద్రమున దినమెల్ల నానిన పలక గట్టిగా నుండి, వాననీరు నిలిచిన అర మూల మెత్తబడుటకు కారణమిదియే. ఫైబరు పడవలకు ఈ కుళ్లు లేదు గాని, తేలుటకై వాని అరలలో నింపిన నురుగు ముద్ద చిరకాలము నీటిలో నానినచో నీరు పీల్చి బరువెక్కును. పడవ చూచుటకు క్రొత్తదివలెనే యుండును, తేలుశక్తి మాత్రము తఱుగును.

మఱియొక కీడు మన ఆరోగ్యమునకు సంబంధించినది. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. మన వేసవి, వానకాలముల వెచ్చదనమున గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము పది దినములు చాలును. గట్టున వాడక పడియున్న పడవ అర దోమలకు మంచి యిల్లు. వారమున కొకమారు నీరు తీసి ఆఱబెట్టినచో ఒక్క దోమయు లేచిపోజాలదు.

5. చేయవలసిన పని

మొదటిది, నీరు చేరకుండ చేయుట. మూత చుట్టు చిన్న కాలువయు, ఆ కాలువనుండి వెలుపలికి దారియు నుండవలెను. ఆకులును మట్టియు దానిని పూడ్చకుండ చూడవలెను. రబ్బరు పట్టీని నెలకొకమారు తుడిచి, బీటలు వాఱినచో మార్చవలెను. పడవపై టార్పాలిన్ కప్పునపుడు నడుమ గడను నిలిపి, ఇంటి కప్పువలె రెండువైపుల వాలుగా కట్టవలెను. చదరముగా కప్పినచో నీరు దానిపైననే మడుగు కట్టి, తుదకు దానిని చింపుకొని పడవలో పడును. కప్పు క్రింద గాలి యాడుటకు రెండు కొనలను సందు విడువవలెను.

రెండవది, చేరిన నీటిని ఒకచోటికి రప్పించుట. కొయ్య పడవ అడుగున ప్రక్కటెముకలవంటి అడ్డకఱ్ఱ లుండును. ప్రతి కఱ్ఱ క్రిందను చిన్న రంధ్రము విడుతురు. ఏ మూల పడిన నీరైనను వానిగుండ పల్లమునకు పాఱును. రంధ్రము పూడినచో నీరక్కడనే నిలుచును. పూర్వపు నావికులు ఈ రంధ్రములన్నిటి గుండ ఒక గొలుసును వేసియుంచి, అప్పుడప్పుడు ఇటు నటు లాగి శుభ్రము చేయుచుండిరి. బహుచక్కని యుపాయము. మనము త్రాటితోనైనను చేయవచ్చును. అయితే ఈ దారి యొకే అరలోని కఱ్ఱల నడుమనే గాని, ఒక అరనుండి వేఱొక అరకు కాదు. అరలను వేఱుచేయు అడ్డుపలకకు పెద్ద రంధ్రము చేసినచో అరల ప్రయోజనమే పోవును.

మూడవది, నీటిని వెలువరించుట. పడవను గట్టునకు లాగి, ముక్కును మీదికెత్తి, అడుగుననున్న బిరడాను తీయవలెను. బిరడా లేనిచో చిప్పతో తోడి, మిగిలినదానిని స్పంజితో గాని పాత గుడ్డతో గాని ఎత్తవలెను. తీసిన బిరడాను తెడ్డునకు కట్టియుంచుడు. తెడ్డు లేక పడవ కదలదు; తెడ్డు పట్టినవాడు బిరడాను చూడక తప్పదు. బిరడా మఱచి పడవను నీట దింపుట వాననీటికంటె పెద్ద తప్పు.

నాలుగవది, ఆఱబెట్టుట. నీరు తీసినంతమాత్రమున పని ముగియలేదు. మూతలు తెఱచి, త్రాళ్లను, లైఫ్ జాకెట్లను వెలుపల నీడలో ఆఱవేసి, అర పొడియైన పిమ్మటనే మరల సర్దవలెను. మనుష్యు లెక్కినపుడు జాకెట్టు ఒంటిమీద నుండవలెను గాని అరలో నుండరాదు.

ఐదవది, అన్నిటికంటె సులభమైనది. పడవ నెక్కుటకు ముందు ప్రతి మూతను తెఱచి, చేయి పెట్టి చూచుట. ఇది అరనిమిషపు పని.

6. హరిగోలు నేర్పు పాఠము

మూసీ కృష్ణలో కలియును. కాగ్నా భీమలో కలిసి, భీమ కృష్ణలో కలియును. మన వాననీరంతయు తుదకు చేరు ఆ కృష్ణపై జాలరులు పుట్టిని, అనగా హరిగోలును, వాడుదురు. అది వెదురు తట్టవలె గుండ్రనిది. పూర్వము దానికి తోలు కప్పెడివారు. దానికి అరలు లేవు, మూతలు లేవు. పని ముగియగానే జాలరి దానిని గట్టుపై బోరగిల త్రిప్పి యుంచును. రాత్రి యెంత వాన కురిసినను ఒక చుక్క లోన నిలువదు. పైగా అడుగు ఆఱి, పగుళ్లున్నచో కంటబడును. ఏ పుస్తకమును చదువని ఆ జాలరి ఈ పాఠమును తన దినచర్యలో చేర్చుకొనియున్నాడు. మన అరల పడవలను బోరగిల త్రిప్పలేము. కాని ఆయన బుద్ధిని మనము తీసికొనవచ్చును: నేటి నీటిని రేపటికి నిలువనీయకుండుట.

అభ్యాసము

(1) 80 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పుగల అరలో 5 సెంటీమీటర్ల లోతు నీరున్నది. దాని బరువెంత?

(2) 3 చదరపు మీటర్ల తెఱపిగల పడవలో 40 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఎన్ని లీటర్లు తోడవలెను?

(3) అరను పొడవునా మూడు సమభాగములు చేసినచో తొణుకువలని కీడు ఎన్నవ వంతగును? కారణము చెప్పుడు.

జవాబులు: 20 కిలోగ్రాములు, 120 లీటర్లు, తొమ్మిదవ వంతు. మూడవదానికి కారణమును మీరే వ్రాసి మీ ఉపాధ్యాయునకు చూపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను జలాశయమునకు పంపునపుడు ఈతవచ్చునా యని అడుగుదురు, మంచిదే. దానితోపాటు, పడవ మూత తెఱచి చూచితివా యని గూడ అడుగుడు. ఉపాధ్యాయునకే ఆ మాట తెలియక ముగ్గురు బిడ్డలను నీటిలో పడవైచెను. ఆ వృద్ధ జాలరి ఆనాడు నన్నడిగిన ప్రశ్నను నేనిప్పుడు మీకప్పగించుచున్నాను.